నిషేధించిన మందుల లిస్టు అంటూ తిరిగే పాత ఈమెయిల్, నాన్నగారి షుగర్ మాత్ర

మీరు అడిగింది ఇదీ: నెల్లూరులో ఉండే మీ నాన్నగారికి ఒక స్నేహితుడి నుంచి ఈమెయిల్ వచ్చింది. "అమెరికాలో నిషేధించిన మందులు మన దేశంలో యథేచ్ఛగా అమ్ముతున్నారు, వెంటనే ఆపేయండి, అందరికీ పంపండి" అని ఉంది. జలుబు మాత్రలు, నొప్పి మాత్రల పేర్లతో పాటు చివర్లో ఆయన రోజూ వేసుకునే షుగర్ మాత్ర పయోగ్లిటాజోన్ కూడా ఉంది. ఆయనేమో ఆ మాత్ర మానేస్తానంటున్నారు. చెన్నైలో ఉన్న మీకు ఫోన్లో ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ మాత్ర రాసిన డాక్టరుతో మాట్లాడకుండా నాన్నగారు దాన్ని ఆపకూడదు. మన దేశంలో 2013 జూన్ 18న పయోగ్లిటాజోన్ అమ్మకాలు ఆపించిన మాట నిజం. అదే ఏడాది జూలై 31న ఆ ఆంక్షను ఎత్తేసిన మాట కూడా అంతే నిజం. ఈమెయిల్‌లో మొదటిది మాత్రమే ఉంది.

నేను చెన్నైలో పెరంబూరు వైపు ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మా దగ్గరికి చాలా వస్తాయి. ఈ లిస్టుతో నాకు పాత పరిచయమే. ఒకప్పుడు ఆఫీసులో ప్రింటు తీసిన కాగితంగా వచ్చేది. అడుగున ఎవరో డాక్టరు పేరు, ఏదో పెద్ద ఆస్పత్రి పేరు ఉండేవి. తర్వాత వాట్సాప్‌లో ఫొటోగా మారింది. మందుల పేర్లు ఒకటీ రెండూ మారతాయి గానీ "ఇప్పుడే తెలిసింది" అనే మొదటి వాక్యం మారదు. తేదీ మాత్రం ఎక్కడా ఉండదు.

"అదంతా ఫేక్ నాన్నా, పట్టించుకోకు" అని మాత్రం అనకండి. అందులో చాలా భాగం ఒకప్పుడు నిజమే. పెద్దవాళ్లు పేపరు చదివినవాళ్లు, ఆ వార్తల్లో కొన్ని వాళ్లకి గుర్తుంటాయి. మీరు మొత్తం కొట్టిపారేస్తే, తనకు తెలిసిన ఆ కాస్త నిజాన్ని పట్టుకుని "నిప్పు లేనిదే పొగ రాదు" అంటారు. ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటా చెవికెక్కదు.

జలుబు మాత్రల సంగతే తీసుకోండి. ఆ గొడవంతా ఫినైల్‌ప్రొపనాలమైన్ అనే మందు గురించి. పీపీఏ అంటాం. ముక్కు దిబ్బడ తగ్గడానికి జలుబు మాత్రల్లో కలిపేవాళ్లు. అమెరికాలో ఆకలి తగ్గించి సన్నబడేలా చేసే మాత్రల్లోనూ వాడేవాళ్లు. ఇది రక్తనాళాలను కుదిస్తుంది, దాంతో ముక్కులో వాపు దిగుతుంది. అలా కుదించినందుకే బీపీ కూడా పెరగొచ్చు. యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మెదడులో రక్తస్రావమైన 702 మందిని, పోల్చి చూడడానికి ఆరోగ్యంగా ఉన్న 1,376 మందిని తీసుకుని పరిశీలించారు. రోగులంతా 18 నుంచి 49 ఏళ్లవాళ్లే. పీపీఏ ఉన్న సన్నబడే మాత్రలు వాడిన ఆడవాళ్లలో ఈ ముప్పు సుమారు 16 రెట్లు ఎక్కువగా కనిపించింది. దాంతో 2000 నవంబర్ 6న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పీపీఏ ఉన్న మందుల అమ్మకం ఆపమని కంపెనీలను కోరింది.

ఆ మొదటి ఈమెయిల్ పుట్టింది అప్పుడే. ఆ రోజుల్లో అది పనికొచ్చే కబురే. అందులో ఉన్నవన్నీ అమెరికా షాపుల్లో దొరికే బ్రాండ్లు. ఆ తర్వాత కంపెనీలు పీపీఏ తీసేసి, దాని బదులు ఇంకో మందు కలిపి, పాత బ్రాండు పేరుతోనే అమ్మడం మొదలుపెట్టాయి. గుమ్మం మీద నేమ్‌ప్లేట్ పాతదే, లోపల కాపురం ఉంటున్నవాళ్లు మారిపోయారు. ఈమెయిల్ ఇంకా ఆ నేమ్‌ప్లేట్ చూసే కేకలు పెడుతోంది.

అది మన దేశానికి వచ్చాక ఎవరో డీ కోల్డ్, విక్స్ యాక్షన్ 500 పేర్లు చేర్చారు. అప్పట్లో వాటిలో పీపీఏ ఉండేది కాబట్టి ఆ చేర్పు కూడా తప్పేమీ కాదు. మన కేంద్ర ఆరోగ్య శాఖ పీపీఏని నిషేధిస్తూ గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చింది 2011 ఫిబ్రవరిలో. అమెరికా ఆపిన పదేళ్ల తర్వాత! ఆ పదేళ్ల మీద మీ నాన్నగారికి కోపం ఉంటే అది న్యాయమైన కోపమే, నాకూ ఉంది. ఈ లిస్టు ఇన్నేళ్లుగా బతికి ఉండడానికి ఆ ఆలస్యమే పెద్ద కారణమని నా అభిప్రాయం. అయితే ఇప్పుడు జలుబు మాత్ర పట్టీ వెనక్కి తిప్పి చూస్తే పీపీఏ ఉండాల్సిన చోట ఎక్కువగా ఫినైలెఫ్రిన్ కనిపిస్తుంది. పేరు కాస్త దగ్గరగా ఉంటుంది గానీ ఇది వేరే మందు. బీపీ ఉన్నవాళ్లు ఇది కూడా అడిగే వేసుకోవాలి.

మళ్లీ 2016 మార్చిలో విక్స్ యాక్షన్ 500 ఎక్స్‌ట్రా వార్తల్లోకి వచ్చింది. కారణం పీపీఏ కాదు. రెండు మూడు మందులు కలిపి తయారుచేసే 344 రకాల కాంబినేషన్లను కేంద్రం ఒకేసారి నిషేధించింది, ఆ దెబ్బకి కంపెనీ దాన్ని ఆపేసింది. డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, నిపుణుల పరిశీలన జరిగాక, 2018 సెప్టెంబరులో 328 కాంబినేషన్లను మళ్లీ నిషేధించారు. అందులో పడ్డ తలనొప్పి మాత్ర సారిడాన్‌కి అదే నెలలో సుప్రీంకోర్టు నుంచి ఊరట దొరికింది. ఆ రోజుల్లో ఒక వారం అరలో నుంచి తీసిన పెట్టెలు ఇంకో వారం మళ్లీ అరలోకి వెళ్లేవి. ఇన్ని మలుపులున్న వ్యవహారాన్ని "బ్యాన్ అయింది" అని ఒక్క ముక్కలో రాసి తేదీ తీసేస్తే చదివేవాళ్లకి ఏం అర్థమవుతుంది?

లిస్టులో నొప్పి మాత్ర నిమెసులైడ్ కూడా తప్పకుండా ఉంటుంది. "అమెరికాలో బ్యాన్" అంటారు. నిజానికి అమెరికాలో దానికి అనుమతే లేదు, ఇక బ్యాన్ చేసేదేముంది? లివర్ దెబ్బతింటోందని 2002లో ఫిన్లాండ్, స్పెయిన్ దేశాలు ఆపాయి. మన దగ్గర 12 ఏళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2011లో నోటిఫికేషన్ వచ్చింది. పిల్లల తల్లిదండ్రులకి అన్నిటికంటే అవసరమైన ముక్క అదే. నేను చూసిన ఏ ఫార్వర్డ్‌లోనూ అది లేదు.

ఇక నాన్నగారి మాత్ర. పయోగ్లిటాజోన్ వల్ల మూత్రాశయ క్యాన్సర్ రావొచ్చన్న అనుమానంతో ఫ్రాన్స్ 2011లో దాన్ని ఆపింది. మన దగ్గర ఆంక్ష ఎత్తేసినప్పుడు, ప్యాకెట్‌తో పాటు ఇచ్చే సమాచార కాగితంలో హెచ్చరిక ముద్రించాలని షరతు పెట్టారు. గుండె సరిగా పంపు చేయని జబ్బు ఉన్నవాళ్లకి, మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లకి, కారణం తెలియకుండా మూత్రంలో రక్తం పడుతున్నవాళ్లకి ఇది ఇవ్వకూడదు. కాబట్టి ఈమెయిల్‌ని పక్కనబెట్టి ఆయన్ని వేరే ప్రశ్నలు అడగండి. కాళ్లు వాస్తున్నాయా? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? మూత్రం ఎర్రగా పోతోందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పంపండి. కాదంటే మాత్ర మామూలుగా వేసుకుంటూ, వచ్చేసారి చూపించుకునేటప్పుడు అడగమనండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా కౌంటరు దగ్గర జరిగింది ఒకటుంది. సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ నెలనెలా షుగర్ మాత్రలకి వచ్చేవారు. ఒకసారి చీటీ ఇచ్చి, "ఈ ఒక్కటీ వద్దు నాయనా, మిగతావి ఇయ్యి" అన్నారు. ఎందుకమ్మా అంటే చేతిసంచీలోంచి పాలిథిన్ కవరు తీశారు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. పయోగ్లిటాజోన్ పేరు కింద మాత్రం ఎర్ర బాల్‌పెన్నుతో రెండు గీతలు. అప్పటికి ఆంక్ష ఎత్తేసి చాలా కాలమైంది. "పండగ ముందే ఆపేశా, ఏమీ కాలేదు, బాగానే ఉన్నా" అన్నారావిడ.

ఏమీ కాకపోవడమే ఈ మందుతో చిక్కు. అది మెల్లగా వారాల మీద పని మొదలుపెడుతుంది, ఆపినా ప్రభావం అంతే మెల్లగా తగ్గుతుంది. ఇవాళ ఆపితే రేపు తల తిరగదు, కళ్లు మసకబారవు. దాంతో ఇన్నాళ్లూ అనవసరంగా మింగామన్న నమ్మకం కుదురుతుంది. షాపులో ఉన్న గ్లూకోమీటరుతో చూస్తే ఆవిడ షుగర్ 300 దాటి ఉంది. అక్కడి నుంచే డాక్టరుగారికి ఫోన్ కలిపి ఇచ్చాను. ఆయన ఆ సాయంత్రమే పిలిపించి, పరీక్షలు చేయించి, మోతాదు సరిచూసి మళ్లీ మొదలుపెట్టించారు. ఆవిడ కాగితం నేను చింపలేదు. ఆ ఎర్ర గీతల పక్కనే "2013 జూలై 31న ఎత్తేశారు, డాక్టరుని అడగాలి" అని తెలుగులో రాసి ఇచ్చాను. ఆవిడ దాన్ని మళ్లీ అదే మడతలతో కవర్లో పెట్టుకున్నారు.

పూర్తిగా కట్టుకథలు కూడా తిరుగుతుంటాయి. 2017లో తిరిగిన "పీ 500 అని రాసి ఉన్న పారాసెటమాల్‌లో మచూపో వైరస్" అలాంటిదే. మచూపో బొలీవియాలో ఎలుకల ద్వారా వ్యాపించే వైరస్, మాత్రలతో దానికి సంబంధం లేదు. ఇలాంటివాటిని నిస్సంకోచంగా అబద్ధమని చెప్పేయొచ్చు.

అసలైన హెచ్చరిక ఎలా ఉంటుందో 2025 అక్టోబరులో చూశాం. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ సిరప్ తయారైంది మా చెన్నై పక్కనున్న కాంచీపురం జిల్లాలో. తమిళనాడు అధికారులు పరీక్ష చేయిస్తే ఎస్ఆర్-13 బ్యాచ్‌లో 48.6 శాతం డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం తేలింది. హెచ్చరికలో మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు నెల, జారీ చేసిందెవరు, ఎప్పుడు, అన్నీ ఉన్నాయి. మేం ఆ నంబరు పట్టుకుని అరలన్నీ వెతికాం. అదే వారంలో ఒక తల్లికి చెప్పబోతే "ఇలాంటివి రోజూ వస్తూనే ఉంటాయి లెండి" అంది. నాకు గుండె జారిపోయింది. పాత హెచ్చరికలు జనాన్ని ఎంత మొద్దుబార్చాయో అప్పుడు తెలిసింది.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు వీడియో కాల్ చేసి పట్టీ వెనక వైపు చూపించమనండి. అక్షరాలు చిన్నవైతే ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చదవొచ్చు. పెద్ద అక్షరాలతో ఉన్న బ్రాండు పేరు వదిలేసి, కింద ఉన్న అసలు మందు పేరు ఆయనచేతే చదివించండి. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలి, అది స్కాన్ చేస్తే తయారీ వివరాలు, బ్యాచ్ నంబరు వస్తాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ వెబ్‌సైట్‌లో నిషేధించిన మందుల జాబితా తేదీలతో ఉంటుంది. నాణ్యత పరీక్షలో తప్పిన మందుల జాబితా నెలనెలా బ్యాచ్ నంబర్లతో వేరుగా పెడతారు. ఈమెయిల్‌లో ఉన్న ఒక్కో పేరూ ఆయనతో కలిసి వాటిలో వెతకండి. ఏది నిజమో, ఎప్పటిదో ఆయనే చూసుకుంటే మీతో వాదన ఉండదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఈమెయిల్ ప్రింటు కూడా తీసుకెళ్లమనండి. మొహమాటం అక్కర్లేదు, అడిగితే చెప్పడం వాళ్ల పనే. వాడే ఏ మందు వల్లయినా వాపు, దద్దుర్లు, ఆయాసం లాంటివి వస్తే డాక్టరుకి చెప్పడంతో పాటు ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024 కి కూడా ఫోన్ చేయొచ్చు. రోగే చేయనక్కర్లేదు, ఆయన తరఫున మీరు చేసినా రాసుకుంటారు.