క్యారెక్టర్ అర్రేలో పేరు కాపీ చేసి ప్రింట్ చేస్తే చివర్లో వేరే అక్షరాలు ఎందుకొస్తున్నాయి?

సీ లాంగ్వేజ్‌లో 20 సైజు అర్రేలోకి పేరు కాపీ చెయ్యడానికి స్ట్ర్‌ఎన్‌కాపీ (strncpy) ఫంక్షన్ వాడారు, చిన్న పేర్లకి బానే ఉంది, పెద్ద పేరైతే వెనకాల ఏవేవో తగులుతున్నాయి, అదే కదా మీ ప్రశ్న. నాకు అచ్చం ఇదే జరిగిందండి. బెంగళూరు వచ్చిన కొత్త, మారతహళ్ళిలో పీజీ, మొదటి ఉద్యోగం. స్ట్రక్చర్‌లో పేరుకి 20, దాని పక్కనే ఊరికి 20 పెట్టాను. టెస్టింగ్ అంతా రవి, సీత లాంటి పేర్లతోనే చేశాం, ఎక్కడా తేడా రాలేదు. ఒకరోజు వెంకట సత్యనారాయణ అని మన వైపు పేరొకటి వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మధ్యలో స్పేస్‌తో కలిపి 21. ప్రింట్ చేస్తే "వెంకట సత్యనారాయన్‌గుంటూరు"! చివరి ఎ ఎగిరిపోయి ఊరొచ్చి పేరుకి అతుక్కుంది. రెండ్రోజులు ప్రింట్ కోడ్‌లోనే వెతుక్కున్నా, తప్పేమో కాపీ దగ్గరుంది.

సీలో స్ట్రింగ్ అని విడిగా టైపేమీ లేదు. వరసగా బైట్లు, చివర్లో ఒక సున్నా బైటు, అంతే. ప్రింట్ చేసే ప్రింట్‌ఎఫ్ (printf) ఫంక్షన్‌కి మీ అర్రే సైజు తెలీదు, సున్నా కనిపించేదాకా చదువుకుంటూ పోతుంది. స్ట్ర్‌ఎన్‌కాపీ చిన్న పేరైతే మిగిలిన చోటంతా సున్నాలతో నింపేస్తుంది, అందుకే టెస్టింగ్‌లో దొరకదు, పేరు 20 అక్షరాలు లేదా అంతకన్నా ఎక్కువైతే మాత్రం 20 కాపీ చేసి సున్నా పెట్టకుండానే వదిలేస్తుంది. ఆ ఫంక్షన్ పేరు చూసి సేఫ్ అనుకుంటాం, నా దృష్టిలో అది మన పనికి పుట్టిన ఫంక్షనే కాదు.

దాని బదులు ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ (snprintf) వాడండి, సైజు కరెక్టుగా ఇస్తే చివర సున్నా తనే పెడుతుంది, పైగా మొత్తం పట్టాలంటే ఎంత పొడవు కావాలో రిటర్న్ చేస్తుంది, అది మీ సైజుకి సమానంగానో ఎక్కువగానో ఉంటే పేరు తెగిందని అర్థం. ఒక్క జాగ్రత్త, అర్రేని ఫంక్షన్‌కి పంపాక లోపల సైజాఫ్ (sizeof) అడిగితే అర్రే సైజు కాకుండా పాయింటర్, అంటే మెమరీ అడ్రస్ సైజు వస్తుంది, 64 బిట్ మెషీన్లో 8, కాబట్టి సైజుని కూడా వేరే ఆర్గ్యుమెంట్‌గా పంపండి.

ఇంకోటి, యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) "తెలుగు" అనే మాటకే 18 బైట్లు పడతాయి, గుణింతం గుర్తుకి కూడా విడిగా 3 బైట్లు. యూజర్లు తెలుగులో టైప్ చేస్తారంటే 20 ఏ మూలకీ చాలదు, నేనిప్పుడు పేరుకి 256 పెడుతున్నా.