1960 వరల్డ్ సిరీస్‌లో రెట్టింపు పరుగులు చేసిన యాంకీస్ ఎలా ఓడింది?

అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో లెక్కకొచ్చేది గెలిచిన మ్యాచ్‌లే, మొత్తం పరుగులు కావు. అందుకే 1960లో 55 పరుగులు చేసిన న్యూయార్క్ యాంకీస్, 27 పరుగులే చేసిన పిట్స్‌బర్గ్ పైరేట్స్ చేతిలో 4-3 తేడాతో ఓడింది. ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే టైటిల్.

యాంకీస్ 16-3, 10-0, 12-0తో గెలిచిన మూడు మ్యాచ్‌లలోనే 38 పరుగులు వచ్చాయి. పైరేట్స్‌వి చిన్న తేడా విజయాలు. అక్టోబర్ 13న జరిగిన ఏడో మ్యాచే చూడండి, ఎంత టెన్షనో! ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పైరేట్స్ ఏకంగా 5 పరుగులు చేసి 9-7తో ముందుకెళ్లింది. చివరిదైన తొమ్మిదోలో యాంకీస్ సమం చేసింది. వెంటనే పైరేట్స్ ఆటగాడు బిల్ మజెరోస్కీ హోమ్ రన్ (బంతిని మైదానం బయటకు పంపి పరుగు తెచ్చే షాట్) కొట్టాడు, 10-9.

ఓడిపోతున్న జట్టును ఆ హోమ్ రన్ కాపాడిందని అనిపించవచ్చు. నిజానికి అప్పుడు స్కోరు 9-9. అతను అవుటైనా పైరేట్స్ ఓడేది కాదు, ఆట కొనసాగేది.