వరి విత్తే ముందు ఊదను మొలిపించు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఈ వానాకాలం నాట్లు మానేసి పొడి దుక్కిలో వరి వెద పెడతానని రాశావు. మంచిదే, కూలీల టెన్షన్ తగ్గుతుంది. కానీ వరిలో కలుపుగా మొలిచే ఊద గడ్డి మాటే నీ ఉత్తరంలో లేదు, అందుకే వెంటనే రాస్తున్నాను. నాటిన మడిలో వరి వయసులో ముందుంటుంది, నిలిచిన నీళ్లకు ఊద కొంత అణుగుతుంది. వెదలో రెండూ ఒకేసారి మొలుస్తాయి.

ముందు ఆ గింజ గుణం తెలుసుకో. వరి కోతకు రాకముందే ఊద గింజ రాలిపోతుంది. కొత్తగా రాలింది తడి తగిలినా మొలవదు, నిద్రలో ఉంటుంది. ఎండాకాలం పొడి మట్టిలో పడి ఉండగా ఆ నిద్ర మెల్లగా తీరుతుంది. ఆ తర్వాత కూడా తడి, వెచ్చదనం, వెలుతురు మూడూ అందినవే ఎక్కువగా లేస్తాయి. లోతున పడినవాటిలో చాలా గింజలు ఏళ్ల తరబడి ఆగి, నువ్వు దున్ని పైకి తెచ్చిన ఏడాది మొలుస్తాయి. మనం వండుకునే ఊదలు కూడా ఈ గడ్డి నుంచి మచ్చికైనవే, కానీ విత్తితే అవి దాదాపు ఒక్కసారే మొలకెత్తుతాయి. అడవి ఊద విడతలు విడతలుగా లేస్తుంది. కలుపు మందు కొట్టినా మొలకెత్తినదే చస్తుంది, నిద్రలో ఉన్న గింజకు ఏమీ కాదు.

అందుకే నువ్వే దాన్ని ముందు లేపాలి. దుక్కి, చదును తొందరగా ముగించి తడి పెట్టు, లేదా తొలకరి పడనివ్వు. రెండు వారాలు ఓపిక పట్టు. చేను పచ్చబడితే కంగారు పడకు, మనకు కావాల్సింది అదే. రెండు మూడు ఆకులు రాగానే ఆ మొలకలు చచ్చేలా గుంటకతో పైపైన గీయించు. వీలైతే ఇంకోసారి తడిపి మళ్లీ గీయించు. ఆ తర్వాత మాత్రం నాగలి, రోటవేటర్ దించొద్దు. దించావంటే అడుగున్న గింజలన్నీ వెలుతురులోకి వస్తాయి, చేసిన పనంతా వృథా.

విత్తనం చల్లకుండా సాళ్లలో వేయించు. సాళ్ల మధ్య మొలిచింది కలుపే అని చూడగానే తెలుస్తుంది. సాలులో కలిసిపోయినదాన్ని ఆకు కాడను కలిసే చోట చూడు. వరికి అక్కడ పల్చని పొర, చిన్న చెవులు ఉంటాయి, ఊదకు ఉండవు. ఇది కూలీలకు నువ్వే దగ్గరుండి చూపించు.

కోతయ్యాక వెంటనే దున్నకు. పైన పడి ఉన్న గింజలను చీమలు, పిట్టలు చాలావరకు తినేస్తాయి. గట్ల మీద, కాలువ ఒడ్డున ఉన్న ఊదను మాత్రం వెన్ను తీయకముందే కోయించు, లేకపోతే ఆ గింజ నీళ్లతో పాటు మళ్లీ నీ చేలోకే వస్తుంది.

మీ పెదనాన్న