డక్ట్ క్లీనింగ్‌కి ఒప్పుకునే ముందు ఒక్క రంధ్రం కోయించి లోపల చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: నలభై సీట్ల రెస్టారెంట్, బిర్యానీతో పాటు చైనీస్ కూడా ఉంది, రేంజ్, అంటే పెద్ద స్టవ్, పొద్దుటి నుంచి రాత్రి దాకా మండుతూనే ఉంటుంది. చిమ్నీ ఫిల్టర్లు మీ కుర్రాళ్లే రోజూ కడుగుతున్నారు. వంట పొగని బయటికి తీసుకెళ్లే రేకు గొట్టం, అదే డక్ట్, దాని జోలికి రెండేళ్లుగా ఎవరూ పోలేదు. ఇప్పుడొక కంపెనీ వచ్చి డక్ట్ క్లీనింగ్ అని పెద్ద కొటేషన్ చేతిలో పెట్టింది. అది అవసరమా, దండగా?

అవసరమే. కానీ డబ్బు తీసుకుని దాన్ని దండగ చేసి వెళ్లేవాళ్లు ఉంటారు. నేను ఒకసారి అలా మునిగాను.

హైదరాబాద్‌లో ఒక రెస్టారెంట్ కిచెన్ బాధ్యత ఏడేళ్లు చూశాను. నాలుగంతస్తుల బిల్డింగ్, కింద మేము, పైన ఆఫీసులు, రెండు కాపురాలు. స్టవ్‌ల పైన పొగ పట్టే హుడ్ నుంచి డక్ట్ ఫాల్స్ సీలింగ్ మీదుగా ముప్పై అడుగులు అడ్డంగా పోయి, వెనక గోడ పట్టుకుని టెర్రస్ మీద పొగని లాగే బ్లోయర్ ఫ్యాన్ దాకా ఎక్కేది. మొదట తాళింపు పొగ వెళ్లడం తగ్గింది. మోటర్ వీకైందన్నారు, బెల్ట్ మార్చాం. తర్వాత రెండో అంతస్తు ఆంటీ దిగొచ్చి "బాబూ, మీ మిరపకాయల ఘాటు మా దేవుడి గదిలోకి వస్తోంది" అన్నారు. ఆవిడకి సారీ చెప్పి ఊరుకున్నాం. ఆ తర్వాత ఫాల్స్ సీలింగ్ మీద పసుపు మరక కనిపించింది. ఓనర్ గారు చూస్తే బాగుండదని దాని మీద తెల్ల పెయింట్ వేయించాను. అవును, నేనే వేయించాను.

చివరికి ఎవరో చెప్తే తక్కువ రేటుకి ఒక టీమ్‌ని పిలిచాం. రాత్రి పదకొండున్నరకి వచ్చారు, రెండు గంటల్లో అయిపోయిందన్నారు. హుడ్ అద్దంలా మెరిసింది, సంతకం పెట్టి డబ్బిచ్చేశాను. వారం తిరగకుండా పొగ మళ్లీ మొదలు. మా తందూరి మాస్టర్ నవ్వి, "సార్, వాళ్ల నిచ్చెన హుడ్ దాటి పైకి పోలేదు" అన్నాడు. పైగా వాళ్లు కాస్టిక్ సోడాతో కడగడంతో అల్యూమినియం ఫిల్టర్లు నల్లబడిపోయాయి. కాస్టిక్ సోడా స్టీల్‌ని పెద్దగా ఏమీ చేయదు కానీ అల్యూమినియంని తినేస్తుంది, ఆ రియాక్షన్‌లో హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది. డక్ట్‌లకి వాడే జీఐ రేకు, అంటే జింక్ పూసిన ఇనుప రేకు, మీది పూతకీ కాస్టిక్ పడదు. అందుకే ఏ కెమికల్ వాడతారో ముందే అడగాలి.

నెలన్నర తర్వాత ఒక శనివారం రాత్రి చైనీస్ రేంజ్ మీద కడాయిలోంచి లేచిన మంట ఫిల్టర్ల వెనక అంటుకుంది. ఒక కుర్రాడు నీళ్ల మగ్గు అందుకోబోతే మాస్టర్ వాడి చెయ్యి పట్టి ఆపాడు. నూనె మంట మీద నీళ్లు పడితే అవి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెని నలువైపులా చిమ్ముతాయి. గ్యాస్ మెయిన్ కట్టేసి, వంట నూనె మంటల కోసం పెట్టుకున్న వెట్ కెమికల్ సిలిండర్‌తో ఆర్పాం. మంట హుడ్ మెడ దాటలేదు. దాటి ఉంటే నాలుగంతస్తుల ఎత్తున్న ఆ గొట్టం పొగగూడులా పనిచేసేది, పైన బ్లోయర్ మంటని లాక్కునేది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు రేకుపని చేసే ఆయన్ని పిలిచి, హుడ్ మెడకి నాలుగడుగుల అవతల జానెడు పలక కోయించాను. గ్రైండర్ తీయబోతే వద్దన్నాను. జిడ్డు పట్టిన డక్ట్ దగ్గర నిప్పురవ్వలు ఆడకూడదు కదా, రేకు కత్తెరతోనే కోశాడు. లోపల వేలు మందాన మడ్డి, పాత తారులా. ఫిల్టర్లు రోజూ కడిగినా ఇది ఎందుకు పేరుకుంటుందంటే, ఫిల్టర్ పట్టేది నూనె తుంపరలనే. మిగతాది ఆవిరిగా, సన్నటి పొగగా లోపలికి పోయి చల్లటి రేకు తగలగానే గడ్డకడుతుంది. నిలువు గొట్టంలో కొంత కిందికి జారుతుంది, అడ్డం భాగంలో, మలుపుల్లో, నిలువు గొట్టం అడుగున మాత్రం పేరుకుపోతుంది. నేను పెయింట్ వేయించిన మరక అడ్డం డక్ట్ జాయింట్ నుంచి కారిన నూనెదే.

రెండో టీమ్ పెద్దాయన వచ్చి అడిగిన మొదటి మాట, "అన్నా, డక్ట్‌కి తలుపులెన్ని ఉన్నయి?" లోపల శుభ్రం చేయడానికి తెరిచే తలుపు ఒక్కటీ లేదు. ఆయన టార్చ్ పట్టుకుని డక్ట్ వెంట నడిచి చాక్‌పీస్‌తో గుర్తులు పెట్టాడు: మలుపుకి అటూ ఇటూ, అడ్డం భాగంలో రెండు చోట్ల, నిలువు గొట్టం అడుగున, బ్లోయర్ ముందు. అవన్నీ కోసి, సందు మూసేలా వేడికి తట్టుకునే గాస్కెట్ పట్టీతో బోల్ట్ తలుపులు బిగించారు. ఆ ఖర్చు ఒక్కసారే. తలుపులతో కలిపి మొదటివాళ్లకిచ్చినదానికి దాదాపు మూడు రెట్లయింది, అయినా ఆ బిల్లు కట్టేటప్పుడు నాకు బాధ అనిపించలేదు.

పని రెండు రాత్రులు పట్టింది. గ్యాస్ బంద్, బ్లోయర్ స్విచ్ ఆఫ్ చేసి తాళం. లోపల మనిషి చెయ్యి ఉండగా కింద ఎవరో స్విచ్ వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రేంజ్‌ల మీద ప్లాస్టిక్ షీట్లు గరాటులా కట్టి మడ్డి డ్రమ్ముల్లోకి పడేలా చేశారు. ముందు స్క్రేపర్‌తో పొడిగా గీకారు, తర్వాత కెమికల్ నురగ, ఆపైన వేడి నీళ్ల ప్రెషర్. మడ్డిని మోరీలోకి వదలకుండా డ్రమ్ముల్లోనే పట్టుకెళ్లారు. బ్లోయర్ రెక్కలు కూడా విప్పి గీకారు. వాటి మీద జిడ్డు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పేరుకుని ఫ్యాన్ ఊగుతోందట. మాకు ఏడాదిలో రెండుసార్లు బేరింగ్ పోయింది అందుకే. పొద్దున ఆన్ చేసి టిష్యూ పేపర్ హుడ్ అంచున పెడితే చేతిలోంచి లాగేసుకుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా కుర్రాళ్లని తెచ్చే కంపెనీని మాత్రం నేను గేటు దగ్గరే వెనక్కి పంపుతాను, రేటు ఎంత తక్కువైనా సరే.

ఎన్నాళ్లకోసారి అంటే, అమెరికాలో హోటల్ కిచెన్ల అగ్ని భద్రతకి ఎన్.ఎఫ్.పి.ఎ. 96 అనే ప్రమాణం ఉంది. మనకది చట్టం కాదు, లెక్కకి పనికొస్తుంది. బొగ్గు, కట్టెల వంటకి నెలకోసారి, రోజంతా నడిచే కిచెన్‌కీ చైనీస్ కడాయిలకీ మూడు నెలలకోసారి, మధ్యరకానికి ఆరు నెలలకోసారి చూడమంటుంది. చూసినప్పుడు జిడ్డుంటే తీయించాలి. బ్రిటన్‌లో జిడ్డు మందం కొలుస్తారు. సగటున 200 మైక్రాన్లు ఉంటే శుభ్రం చేయాల్సిందే. 200 మైక్రాన్లంటే రెండు జెరాక్స్ కాగితాల మందం, అంతే. మా వేలు మందంతో పోల్చి చూసుకోండి. బొగ్గు తందూర్ ఉంటే దాని డక్ట్ వేరుగా ఉండాలి. నిప్పురవ్వలు నూనె డక్ట్‌లోకి పోకూడదు.

మీ దగ్గరికొచ్చిన కంపెనీ మంచిదో కాదో నేను ఇక్కణ్నుంచి చెప్పలేను. కొటేషన్‌లో ఎన్ని తలుపులు, ఎక్కడెక్కడ అని రాశారా చూడండి. "హుడ్ అండ్ డక్ట్ క్లీనింగ్" అని ఒక్క లైనే ఉంటే, డక్ట్ పేరు బిల్లు మీదే ఉంటుంది, పని హుడ్ దగ్గరే ఆగుతుంది. ప్రతి తలుపు దగ్గర ముందూ తర్వాతా తేదీ పడే ఫోటోలు కావాలని రాయించుకోండి. ఆఖరి విడత డబ్బు పొద్దున మీరే ఫోన్ లోపలికి పెట్టి చూసుకున్నాక ఇవ్వండి. ఆ ఫోటోలు, రిపోర్టు దాచిపెట్టుకోండి. ఇన్సూరెన్స్ పాలసీలో మెయింటెనెన్స్ షరతు ఉందేమో కూడా ఒకసారి చదవండి, మాదాంట్లో ఉన్న సంగతి నాకు మంట తర్వాతే తెలిసింది.

మీరు రెండేళ్లుగా తెరవలేదన్నారు కాబట్టి కొటేషన్ పక్కన పెట్టి, ఈ వారం సెలవు రోజున రేకుపని ఆయన్ని పిలవండి. అరగంట పని. లోపలి ఫోటో ఇక్కడ పెడితే ఎంత పేరుకుందో, ఆగొచ్చో లేదో చెప్తాను. అప్పటిదాకా ఫాల్స్ సీలింగ్ మీద పసుపు మరక ఏదైనా కనిపిస్తే దాని మీద పెయింట్ మాత్రం వేయించకండి.