అమ్మానాన్నలతో హైలాండ్ గేమ్స్‌కి వెళ్తే ఏం చూడాలి?

ఆగస్టులో మా అమ్మానాన్న స్కాట్లండ్ వస్తున్నారు, నెలన్నర ఉంటారు, బ్రెమార్ ఊళ్లో జరిగే హైలాండ్ గేమ్స్‌కి, అంటే బ్రెమార్ గ్యాదరింగ్‌కి తీసుకెళ్లొచ్చా, వాళ్లకి విసుగొస్తుందా అని ఒకరు అడిగారు. హైలాండ్ గేమ్స్ అంటే స్కాట్లండ్ కొండప్రాంతపు సంప్రదాయ బలప్రదర్శనలు, సంగీతం, నాట్యాల పోటీలు. నేను ఆరేళ్లుగా ఆబర్డీన్‌లో ఉంటున్నాను. మా నాన్నగారిని కూడా తీసుకెళ్లాను కాబట్టి చెప్తున్నాను: తప్పకుండా తీసుకెళ్లండి. ఏం చూస్తున్నారో ముందే కాస్త చెప్పి తీసుకెళ్లండి, అంతే.

బ్రెమార్ సెప్టెంబరు మొదటి శనివారం జరుగుతుంది. 1848లో విక్టోరియా రాణి వచ్చింది, అప్పటినుంచి రాజకుటుంబానికి అది ఆనవాయితీ. వాళ్లు వేసవిలో ఉండే బాల్మొరల్ కోట దగ్గర్లోనే ఉంది మరి. టికెట్లు ముందుగా కొనుక్కోవాలి, జనం బాగా ఉంటారు. పెద్దవాళ్లతో మొదటిసారి అయితే నేను ఆబోయిన్ అనే ఊరి ఆటలకు వెళ్లమంటాను. ఆగస్టు మొదటి శనివారం, ఊరి పచ్చిక మైదానంలో, 1867 నుంచి నడుస్తున్న ఆటలు. ఆ రోజుల్లో దేశదేశాలు తిరిగి పేరు తెచ్చుకున్న బలశాలి డోనల్డ్ డిన్నీ ఆ పక్క ఊళ్లోనే పుట్టాడు.

అందరూ ఎదురుచూసేది కేబర్ కోసం, అంటే దుంగ విసరడం. బ్రెమార్ దుంగ దాదాపు ఆరు మీటర్ల పొడవు, అరవై కిలోల బరువు. ఇక్కడ ఎంత దూరం పడిందన్నది లెక్కే కాదు! సన్నటి కొసను రెండు అరచేతుల్లో పట్టి, భుజానికి ఆనించుకుని పరుగెత్తి, టక్కున ఆగి పైకి ఎగదోస్తారు. లావు వైపు నేలకు తగిలి, చేతిలోంచి వదిలిన కొస పైనుంచి పల్టీ కొట్టి అవతల పడాలి. విసిరినవాడికి తిన్నగా ఎదురుగా, గడియారంలో పన్నెండు దగ్గర ముల్లులా పడితే పూర్తి మార్కులు. మా నాన్నగారిది శ్రీకాకుళం, సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తడం చూసి పెరిగిన మనిషి. మొదటి ఇద్దరూ విసిరినప్పుడు "పక్కకి పడిందేమిట్రా, చప్పట్లు కొడుతున్నారేమిటి" అన్నారు. సంగతి చెప్పాక మూడో వాడు పరుగు మొదలుపెట్టగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మళ్లీ కూర్చోలేదు.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది బ్యాగ్‌పైప్ గురించి, అంటే తిత్తిలోకి గాలి ఊది వాయించే వాయిద్యం గురించి. బృందాలన్నీ కలిసి మైదానం చుట్టూ వాయిస్తూ నడుస్తాయి, గుండె అదురుతుంది, అది ఎలాగూ చూస్తారు. ఒంటరిగా వాయించే పోటీలు మాత్రం పొద్దున్నే, ఓ మూల చిన్న వేదిక మీద అయిపోతుంటాయి. మొదటి ఏడాది నేను మధ్యాహ్నం వెళ్లి అవి పోగొట్టుకున్నాను. మీరు ఆ పొరపాటు చేయొద్దు. పెద్ద సంగీతమని వాళ్లు గౌరవించే పీబ్రోక్ అక్కడే వినిపిస్తుంది. మొదట నెమ్మదిగా ఒక వరస వాయిస్తారు, దాన్ని అక్కడి పాత భాష గేలిక్‌లో ఊర్లార్ అంటారు, అంటే నేల. ఆ నేల మీదే ఒక్కో ఆవృత్తికి అలంకారాలు చిక్కబడుతూ వెళ్లి, చివరికి మళ్లీ ఆ మొదటి వరసకే వచ్చి ఆగుతుంది. పావుగంట దాకా పట్టొచ్చు.

వాయిద్యంలో ఉన్నవి తొమ్మిది స్వరాలే. తిత్తిలోంచి గాలి ఆగదు, ధ్వని పెంచడానికీ తగ్గించడానికీ వీల్లేదు. ఒకే స్వరం వెంటవెంటనే రెండుసార్లు పలకాలంటే, రెప్పపాటులో మరో వేలు కదిపి ఓ చిన్న స్వరంతో విడగొడతారు. పన్నెండేళ్ల కుర్రాడి వేళ్లను నేను రెండు గజాల దూరం నుంచి చూశాను. చలికి ఎర్రబడి ఉన్నాయి, ఒక్కటీ తడబడలేదు. భుజం మీది మూడు గొట్టాలు శ్రుతి పట్టుకుని ఉంటాయి. నాన్నగారు కాసేపు కళ్లు మూసుకుని విని, "మన భాగోతాల్లో మేకతోలు తిత్తి ఊదేవారు చూడు, అదే శ్రుతి" అన్నారు. ఆ మాట నాకు ఎప్పటికీ గుర్తుంటుంది.

నాట్యాల్లో కత్తుల మీద చేసేది చూడండి. రెండు కత్తులు ఒకదానిపై ఒకటి అడ్డంగా పరిచి, వాటి మధ్య గడుల్లో మునివేళ్ల మీద గెంతుతారు. నాట్యం చేసేవాళ్లు చప్పట్లు కొట్టారంటే లయ వేగం పెరగబోతోందన్నమాట. కత్తి స్థానం కదిలిందా, పోటీ నుంచి బయటికే. వాన పడ్డప్పుడు తల్లులు తువ్వాళ్లు తెచ్చి చెక్క వేదికను తుడుస్తుంటే, పిల్లలు పక్కనే నిలబడి కాళ్లు వేడి చేసుకుంటుంటారు. షాన్ ట్రూస్ అనే ఇంకో నాట్యంలో కాలు విదిలింపులు కనిపిస్తాయి. 1746 చట్టం కిల్ట్ (మోకాళ్ల దాకా ఉండే గళ్ల పావడా) లాంటి హైలాండ్ దుస్తుల్ని నిషేధించింది, 1782లో ఎత్తేశారు. తప్పనిసరిగా తొడుక్కున్న ప్యాంటును విదిలించి పారేయడమే ఆ కదలికలని చెప్పుకుంటారు.

అమ్మగారికి స్వెట్టరు, వాన కోటు, మడత కుర్చీ తీసుకెళ్లండి. ఆగస్టైనా సరే. శాకాహారులైతే పులిహోర కట్టుకోండి, అక్కడ ఎక్కువగా దొరికేది బర్గర్లే. పది గంటలకల్లా ఆ బ్యాగ్‌పైప్ పోటీల మూల వేదిక దగ్గర ఉండండి.