'అలరించారు' అని రాయొద్దు

అమ్మాయ్,

నీ మెసేజ్ మీ పెద్దమ్మ చదివి వినిపించింది. పత్రికలో వారం వారం సంగీతం గురించి రాసే పని ఇచ్చారంటే సంతోషమేసింది. "ఎట్లా రాయాలో నాలుగు ముక్కలు చెప్పు పెద్దనాయనా" అన్నావు. ఫోన్లో అయితే నీ మాట నాకు సగం వినపడదు, నేను అరిస్తే మీ పెద్దమ్మ ఊరుకోదు. అందుకని కాగితం పట్టుకున్నా.

ముందు ఒక మాట తీసి పారెయ్. 'అలరించారు.' దాని వెంట తిరిగే 'వీనుల విందు', 'మంత్రముగ్ధుల్ని చేశారు', 'గానామృతంలో ఓలలాడించారు' కూడా. ఇవి మాకెట్లా అంటుకున్నాయో చెప్తా విను. నేను బళ్లో లెక్కలు చెప్పుకుంటూ సాయంత్రాలు విలేకరిగా చేసేవాణ్ణి గదా. జీతం లేదు, లైన్ అకౌంట్. అచ్చయిన మేర కొలిచి డబ్బులిచ్చేవాళ్లు. 'పాడారు' అంటే ఒక్క మాట. 'తన మధుర గాత్రంతో శ్రోతలను మంత్రముగ్ధుల్ని చేశారు' అంటే లైను దాటుతుంది. ఆ లైను మీద ఒక టీ గిట్టేది. నీకు నెల జీతం ఇస్తున్నారు, ఆ టీ కోసం నువ్వు అంత కష్టపడక్కర్లేదు.

నేను చేసిన వెధవపని ఒకటుంది. మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. అప్పట్లో రాసింది కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సులో వేసేవాళ్లం. ఎనిమిదిన్నర బస్సు తప్పితే వార్త తప్పినట్టే. ఓ రోజు మన నెల్లూరు టౌన్‌హాలు పురమందిరంలో గాత్ర కచేరీ. ఆరున్నరకన్నారు, ముఖ్య అతిథి దిగేసరికి ఏడున్నర. వర్ణం అయింది, రెండు కీర్తనలయ్యాయి, నేను లేచా. ఆహ్వాన పత్రికలో పేర్లు ఉన్నవి ఉన్నట్టు దింపుకుని, మృదంగం ఆయన 'తని ఆవర్తనంలో విజృంభించారు' (తని అంటే పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే వంతు) అని ఒక ముక్క తగిలించి, బస్టాండుకు సైకిలు తొక్కా.

తెల్లారి పేపర్లో వచ్చింది. కార్డులో పేరున్నాయన ఆ రోజు రానేలేదు. మధ్యాహ్నం కబురందుకుని ఒంగోలు నుంచి ఒక కుర్రాడు బస్సెక్కొచ్చి వాయించాడు. ముఖం కొత్తది, నేను అడగలేదు. పైగా హాలు టైమైపోయిందని ఆ రోజు తని ఆవర్తనమే ఇవ్వలేదంట. అంటే రాని మనిషి, జరగని తనిలో విజృంభించాడు!

మూడోరోజు ఆ కుర్రాడు మా గుమ్మంలో నిలబడ్డాడు. కొట్లాడతాడనుకున్నా. "మా నాయనకు చూపిద్దామని రెండు పేపర్లు కొన్నానండీ" అన్నాడు, అంతే. మీ పెద్దమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. సవరణ వెయ్యమని డెస్కుకు ఫోన్ చేస్తే "మృదంగానికి సవరణేందయ్యా" అని పెట్టేశారు.

అప్పటినుంచి కచేరీ మొదలవకముందే వేదిక వెనక్కి పోయి, పక్కవాద్యాల వాళ్లనే అడిగి, వాళ్ల ఎదటే పేర్లు రాసుకుంటా. ఘటం, మోర్సింగ్, వెనక తంబురా వేసే పిల్లతో సహా. తని మొదలవ్వంగానే జనం కాఫీకి లేస్తారు. నువ్వు కూర్చో.

రాగం తెలియకపోతే ఊహించి రాయొద్దు. ఆరభి, దేవగాంధారి తీసుకో. రెంటికీ ఎక్కే స్వరాలూ దిగే స్వరాలూ ఒకటే. ఆరభి చురుగ్గా నడుస్తుంది, దేవగాంధారి ఊగుతూ నిదానంగా పోతుంది. దర్బారు, నాయకి దగ్గర పెద్దవాళ్లే తడబడతారు. కచేరీ అయ్యాక గాయకుడి చుట్టూ శాలువాల వాళ్లుంటారు, వయొలిన్ ఆయన ఒంటరిగా పెట్టె సర్దుకుంటుంటాడు. ఆయన్ని అడుగు. సంతోషంగా చెప్తాడు, ఆయన్ని అడిగేవాళ్లెవరు?

కచేరీలు లేని నెలల్లో పెళ్లిళ్లకు పో. మేళం పక్కన కూర్చో. సన్నాయి ఆయన వాయిస్తున్నంతసేపూ కళ్లు పంతులు మీదే ఉంటాయి. పంతులు చెయ్యెత్తంగానే ఉన్నచోటే ఆపి గట్టిమేళం అందుకోవాలి. కావలి దగ్గర ఒక పెళ్లిలో ఆలాపన మధ్యలో తెగింది. తాళి కట్టారు, అక్షింతలు పడ్డాయి. అంతా అయ్యాక ఆయన మళ్లీ సరిగ్గా ఆ స్వరం దగ్గరే ఎత్తుకున్నాడు! జనం పంక్తి కోసం పరిగెత్తారు. డోలాయనా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. నాకు దొరికిన మంచి కచేరీల్లో అదొకటి.

సన్నాయి అంటే గుర్తొచ్చింది. ఒంగోలు పక్కన కరవది ఉంది గదా, నాదస్వరం షేక్ చినమౌలానా గారు 1924లో పుట్టింది ఆడనే. తంజావూరు బాణీ మీద మనసుపడి అరవదేశం పోయి నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, మరుసటేడే పోయారు. ఆయన గురించి ఎవరు రాసినా 'ముస్లిం అయ్యుండీ రంగడి ముందు వాయించారు' అని రాసి, అక్కడికి పనైపోయిందనుకుంటారు. మన వైపు, గుంటూరు వైపు నాదస్వరం తరాలుగా ఆ కుటుంబాల చేతుల్లో ఉంది. అది వాళ్ల విద్య, వాళ్ల తిండి. వింత మనకే. నువ్వు మాత్రం ఆయన ఊపిరి గురించి రాయి, వేళ్ల గురించి రాయి.

త్యాగయ్య ఇంటిపేరు కాకర్ల అని, ఆ ఊరు మనదేనని, శ్యామశాస్త్రి పూర్వీకులు కంభం నుంచి పోయారని నీకు చాలామంది చెప్తారు. నిజమే. ఒకసారి రాసుకో, చాలు. మిగతాదంతా కావేరి ఒడ్డున జరిగింది.

ఇక బాలు. నెల్లూరు అమ్మాయివి అనంగానే అడుగుతారు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయినరోజు నాకు నాలుగు ఫోన్లొచ్చాయి, అందరికీ రాత్రి ఎనిమిదికల్లా కావాలి. 'గాన గంధర్వుడు' అన్న శీర్షిక వాళ్లే పెట్టుకున్నారు. నేను తిప్పరాజువారి వీధి గురించి రాశా. వాళ్ల ఇల్లు ఆ ఏడు ఫిబ్రవరిలోనే వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆ ఇంటి పెద్ద, బాలు నాయన సాంబమూర్తి గారు హరికథకులు. హరికథలో ఒక్క మనిషే రాజు కావాలి, దొంగ కావాలి, ఏడ్చే తల్లి కావాలి. ఏ నటుడికి పాడితే ఆ నటుడి గొంతులాగా వినిపించే విద్య బాలుకు అక్కడినుంచే వచ్చిందని నాకు అనిపిస్తుంది. రుజువు లేదు. 'నాకనిపిస్తుంది' అనే రాశా, నువ్వూ అట్లాంటి చోట అట్లాగే రాయి. నలుగురిలో ఒక్కరే వేశారు.

కచేరీలో ఫోన్లో రికార్డు పెట్టి, ఇంటికొచ్చి వింటాలే అనుకోవద్దు, వినవు. చిన్న పుస్తకం పెట్టుకుని చీకట్లో చూడకుండా రాయడం అలవాటు చేసుకో. సగం అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఫర్వాలేదు. రాత్రికి రాత్రి రాసెయ్యకు. పొద్దున్నే కారం దోశ తిని, ఏం గుర్తుందో చూసుకుని రాయి. గుర్తులేనిది పాఠకుడికీ అక్కర్లేదు. శాలువా కప్పితే కప్పించుకో, కవరు ఇస్తే మాత్రం తీసుకోవద్దు. ఆ ఇయర్‌ఫోన్లు సౌండు తగ్గించి పెట్టుకో. నా ఎడమ చెవికి ఇప్పుడు తంబురా శ్రుతి వినపడదు. మిషను పెడితే ఫ్యాన్ల మోత పెద్దగా వినపడుతుంది, వయొలిన్ కాదు.

సంక్రాంతికి వస్తావు గదా. ఆ వారంలో పురమందిరంలో ఏదో ఒక కచేరీ ఉండకపోదు. ఇద్దరం పోదాం. నా కుడిపక్కన కూర్చో.

మీ పెద్దనాయన