విషయం తేటతెల్లమని చెప్పే ఇంగ్లీషు నుడికారాలను ఎలా అనువదించాలి?

మాటకు మాట పెట్టకూడదు. ఆ నుడికారం ఆ సందర్భంలో ఏ పని చేస్తోందో చూసి, అదే పని చేసే మాటను మన భాషలో వెతుక్కోవాలి. ఎందుకంటే నుడికారం అర్థం దానిలోని పదాల్లో కాక, వాడేవాళ్ల అలవాటులో ఉంటుంది. విషయం తేటతెల్లమన్న భావానికి ఫ్రెంచివాళ్లు ‘కళ్ల మీదికి దూకుతోంది’ అంటారు. స్పానిష్‌లో ‘తెల్లగా ఉంది, సీసాలో ఉంది: పాలు’ అంటారు. ఆ అలవాటు లేనివాళ్లకు ఇవి వింత మాటలే.

‘ఈజ్ ద పోప్ కాథలిక్?’ అన్నదే తీసుకోండి. పోప్ అంటే కాథలిక్ క్రైస్తవుల మతపెద్ద. జవాబు అందరికీ తెలిసిన ప్రశ్న వేసినప్పుడు ఇంగ్లీషువాళ్లు ఇలా ఎదురు ప్రశ్న వేస్తారు. ‘పోప్ కాథలిక్కేనా?’ అని దించేస్తే చదివేవాళ్లు మతం గురించి ఏదో చర్చ అనుకుంటారు. ‘అది వేరే చెప్పాలా?’ అంటే అర్థమూ వస్తుంది, ఎదురు ప్రశ్నలోని చనువూ నిలుస్తుంది. ‘నిస్సందేహంగా’ అని రాస్తే అర్థం తప్పు కాదు గానీ, ఆ చనువు పోతుంది. సంభాషణల్లో అది చిన్న నష్టం కాదు.

చాలామంది ‘ఎలిఫెంట్ ఇన్ ద రూమ్’ (గదిలో ఏనుగు) కూడా ఈ కోవదే అనుకుని ‘స్పష్టమైన విషయం’ అని రాస్తారు. అది పొరపాటు. అందరికీ కనిపిస్తున్నా, ఇబ్బంది వల్ల ఎవరూ నోరెత్తని సమస్య అని దాని అర్థం. అక్కడ స్పష్టత కన్నా మౌనమే ముఖ్యం. కాబట్టి ‘అందరికీ తెలిసినా ఎవరూ ఎత్తని విషయం’ అని విడమరచి రాయడమే మేలు. నుడికారానికి నుడికారమే దొరకాలన్న పట్టుదల అక్కర్లేదు.